పూనిందా? పట్టిందా?

తమిళనాడు ధర్మపురి సీమలో దేవుడికీ దెయ్యానికీ మధ్య గోడ చాలా పలచన. ఆ గోడకు ఎవరు ఏ పక్కన ఉండాలో బతికున్నవాళ్ళే తేలుస్తారు.

ధర్మపురి అనగానే మనలో చాలామందికి గోదావరి ఒడ్డు, నరసింహస్వామి, ఆ ఆవరణలోనే కొలువున్న యమధర్మరాజు గుర్తొస్తారు. ఇది ఆ ధర్మపురి కాదు. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనుండే ధర్మపురి. సంగం కాలంలో దీని పేరు తగడూరు. కవయిత్రి అవ్వైయారుకు ఉసిరికాయ ఇచ్చి తమిళ సాహిత్యంలో నిలిచిపోయిన అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన ఊరు. తొమ్మిదో శతాబ్దంలో మన అనంతపురం సీమ హేమావతికి చెందిన నొళంబులు దీన్ని పాలించారు. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయింది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి, హోసూరు వేరుపడినా తెలుగు మాత్రం ఇక్కడ చెరిగిపోలేదు. నాయుళ్ళు, రెడ్లు, వడ్డెరలు, అరుంధతీయులు ఎందరి ఇళ్ళలోనో ఇంకా వినిపిస్తుంది. బడిలో తమిళం, వంటింట్లో తెలుగు.

రెండు భాషలూ ఒకే వీధిలో కాపురం ఉండబట్టి ఒక తమాషా జరుగుతుంటుంది. కష్టమొస్తే తమిళుల ఇంట్లో ‘తెయ్వమే’ అని చేతులు జోడిస్తారు. పక్కింటి తెలుగమ్మ అన్నం తినని పిల్లవాణ్ణి ‘దెయ్యం వస్తుంది’ అని బెదిరిస్తుంది. అక్కడ దణ్ణం పెట్టించుకున్నదీ, ఇక్కడ ముద్ద మింగించిందీ ఒకే మాట. రెండూ ‘దైవం’ నుంచి దిగినవే. మన పాత కావ్యాల్లోనూ దయ్యమంటే దేవుడనీ, విధి అనీ అర్థం ఉండేది. తర్వాత దైవం గుడిలో ఉండిపోయింది, దయ్యం చింతచెట్టెక్కింది. మంగళూరు వైపు తుళువలు ఇప్పటికీ దైవమన్నా భూతమన్నా ఒక్కరినే తలుచుకుంటారు. ‘కాంతార’ సినిమా చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లీషులో ‘డీమన్’ కథా అచ్చం ఇలాగే నడిచింది. గ్రీకుల ‘డైమోన్’ మంచీ చెడూ అంటని శక్తి, మనిషికీ దేవుడికీ మధ్యవర్తి. తప్పటడుగు వేయబోతుంటే లోపలి నుంచి ఒక గొంతు తనను ఆపేదని సోక్రటీసు చెప్పుకున్నాడు. దాన్ని గ్రీకులు డైమోనియన్ అన్నారు. బైబిలు గ్రీకులోకి వెళ్ళినప్పుడు అన్యుల దేవుళ్ళందరికీ ఇదే పేరు పెట్టారు. అప్పటి నుంచి మాట పాడైంది. ఎవరి దేవుడు వాళ్ళకు దేవుడు, ఎదుటివాడి దేవుడు దెయ్యం. ఇదే లెక్క మన దక్షిణాదికీ వచ్చింది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసి భాషావేత్తలందరికీ గురువైన మిషనరీ రాబర్ట్ కాల్డ్‌వెల్, అంతకు ముందు 1849లో తిరునెల్వేలి నాడార్ల మీద ఒక పుస్తకం రాశాడు. తమిళం అంత లోతుగా తెలిసిన మనిషి కూడా వాళ్ళు కొలిచే గ్రామదేవతలను నిస్సంకోచంగా దెయ్యాల ఖాతాలో వేసేశాడు.

అయితే ఇంగ్లీషువాళ్ళకే ‘డీమన్’ మాట మీద భయం పోయింది. 1882లో ఓవల్ మైదానంలో 14 వికెట్లు తీసి ఇంగ్లండును 7 పరుగుల తేడాతో ఓడించిన ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ ఫ్రెడ్ స్పాఫర్త్‌కు ‘డీమన్ బౌలర్’ అని ముద్దుపేరు. 1867లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒక చిన్న తలుపు దగ్గర కూచుని వేడి అణువులను ఒకవైపు, చల్లటి అణువులను ఇంకోవైపు పంపే ఊహాజీవిని సృష్టించాడు. దానికి డీమన్ అని పేరు పెట్టింది లార్డ్ కెల్విన్. ఆ పేరునే 1963 ప్రాంతంలో ఎంఐటీ కంప్యూటర్ ఇంజినీర్లు అందుకున్నారు. మన కంటికి కనబడకుండా తెర వెనక చాకిరీ చేస్తుండే ప్రోగ్రాములకు ‘డీమన్’ అన్నారు, అక్షరాలు మాత్రం పాత పద్ధతిలో రాసుకున్నారు. తప్పుడు చిరునామాకు పంపిన మెయిలు తిరిగొచ్చినప్పుడు పంపినవారి పేరు దగ్గర ‘మెయిలర్ డీమన్’ అని కనిపించేది దాని పుణ్యమే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శనివారం ధర్మపురికి బస్సెక్కే కుర్రాడు వారమంతా ఈ దెయ్యాల మధ్యే గడుపుతాడు. (2016 నవంబరు 8 నాటి ‘డీమానిటైజేషన్’లో మాత్రం దెయ్యం లేదు. అది నాణెం మాట. ఏటీఎం వరసల్లో నిలబడినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.)

మనమూ తక్కువ తినలేదు. రాత్రీపగలూ పనిచేసేవాడు పని రాక్షసుడు. పైసా వదలనివాడు డబ్బు పిశాచి. ముద్దొచ్చినా ‘ఓసి రాక్షసీ’నే, కోపమొచ్చినా అదే. నేలబొగ్గు రాక్షసి బొగ్గు, డైనోసారు రాకాసి బల్లి, సునామీ రాకాసి అల. చిన్న అక్షరాలను పెద్దగా చూపించే గాజుబిళ్ళ భూతద్దం. తమిళులు కుండపోత వానను ‘పేయ్ మళై’ అంటారు, అంటే దెయ్యపు వాన. మనుషులు పెంచకుండా తనంతట తాను మొలిచే చేదుపొట్ల వాళ్ళకు ‘పేయ్‌పుడల్’. ఆ పేయ్ పూజ్యుల పేర్లలోకీ ఎక్కింది. ఆళ్వార్లలో ఒకాయన పేయాళ్వారు, భక్తితో పిచ్చెత్తినవాడని. అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరైన కారైక్కాల్ అమ్మయార్ తన పాటల్లో తనను ‘కారైక్కాల్ పేయ్’ అనే చెప్పుకుంది. ఒంటి మీద మాంసం లేని ప్రేతరూపాన్ని శివుణ్ణి అడిగి తెచ్చుకుందని ఆమె కథ. ఈ పేరు ఆమెకు ఎవరో అంటగట్టింది కాదు, తనే ఎంచుకుంది. ఆ తేడా ముందుముందు పనికొస్తుంది.

రాయి నాటితే దేవుడు

ఈ సీమలో దెయ్యాన్ని దేవుణ్ణి చేసే పద్ధతి ఒకటి పదిహేను వందల ఏళ్ళ కిందటే ఉంది. దాని పేరు నడుకల్. మన వీరగల్లు.

ధర్మపురి, కృష్ణగిరి, పక్కనున్న చెంగం ప్రాంతాలు తమిళనాడులో వీరగల్లులకు పెట్టింది పేరు. ధర్మపురి మ్యూజియంలో వాటిని చూడొచ్చు. చాలావాటి మీద పల్లవుల కాలపు వట్టెళుత్తు లిపిలో నాలుగైదు పంక్తులు ఉంటాయి. ఏ రాజు ఏలుబడిలో, ఏ ఊరి పశువులను ఎవరు తోలుకుపోతుంటే, ఎవరు అడ్డం పడి చచ్చిపోయారు అన్నది క్లుప్తంగా చెబుతాయి. రాజులు కాదు, సేనానులు కాదు. పశువుల కోసం పోరాడినవాడు, పులితో కలబడినవాడు. చెంగం వైపు ఎడుత్తనూరులో ఒక రాయి మీద చచ్చిపోయిన యజమానితో పాటు అతని కుక్కను కూడా చెక్కారు. కోవివన్ అని ఆ కుక్క పేరు. దొంగలను కరిచి, యజమాని పక్కనే నిలబడిందని రాయించారు. మహేంద్రవర్మ పల్లవుడి నాటి సంగతి ఇది. ఒక పల్లెటూరి కుక్క పేరు పద్నాలుగు శతాబ్దాలు నిలిచింది.

రాయి నాటడం ఊరికే గుర్తు కోసం చేసిన పని కాదు. పాత తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం దానికి ఆరు అంచెలు చెప్పింది. తగిన రాయి చూడటం, దాన్ని తేవడం, నీళ్ళతో కడగడం, నాటడం, పెద్ద నైవేద్యం పెట్టడం, చివర పొగడటం. ఈ ఆరింటిలో నాకు కీలకంగా కనబడేది నైవేద్యం. ఆయుష్షు తీరకుండా పోయినవాడికి ఆకలి మిగిలే ఉంటుందని రెండు భాషల వాళ్ళ నమ్మకం. కడుపు నింపి, పేరు పెట్టి పిలిచి, ఏటా తలుచుకుంటే వాడు ఊరికి కాపలా కాస్తాడు. గాలికొదిలేస్తే ఊరి మీద పడతాడు.

మన వైపూ ఇదే పద్ధతి. చిత్తూరు జిల్లాలో బాణుల కాలపు వీరగల్లులున్నాయి. కారెంపూడిలో పల్నాటి వీరులకు ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఒకప్పుడు అత్తింట కష్టాలు పడిన ఆడపిల్ల, ఇవాళ లక్షలమందికి పేరంటాలు తల్లి. ఆమె కథను గుడి లేకుండా, పేరంటం లేకుండా ఒక్కసారి ఊహించి చూడండి. అత్తింట్లో బాధపడి చచ్చిపోయిన కోడలు ఏమవుతుందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు? ఆ జవాబు మనందరికీ తెలుసు.

మీసాల మునియప్పన్

హొగెనకల్ జలపాతానికి పోయే పర్యాటకులు పెన్నాగరం దారిలో బి. అగ్రహారం దగ్గర మునియప్పన్ గుడిని దాటుకుంటూ పోతారు. ఈ సీమంతా మునియప్పన్లే. గుడ్లురిమే కళ్ళు, చెవులదాకా మెలితిప్పిన మీసం, చేతిలో కత్తి. మేకపోతు, చుట్ట, సారాయి ఆయన మొక్కుబడులు. కొత్త లారీ కొన్నా, కొత్త మోటారు సైకిలు కొన్నా ముందు ఆయన ఎదుట నిలబెట్టాల్సిందే.

ఆయన దేవుడా, దెయ్యమా? అడిగినవాళ్ళకు రెండు జవాబులూ దొరుకుతాయి. ఊరికి కాపలా కాసే తండ్రి. మిట్టమధ్యాహ్నం, నడిరాత్రి తన దారిలో తాను పోతుంటాడు, ఆ దారికి అడ్డం నిలబడినవాడికి జ్వరం. అలా పడ్డవాణ్ణి చూసి తమిళులు ‘ముని అడిచ్చిరుచ్చు’ అంటారు, ముని కొట్టాడని. అలాంటి ఉగ్రుడి పేరే పిల్లలకు పెట్టుకున్నారు. మునుసామి, మునియమ్మాళ్, మునిరత్నం, మునెప్ప. హోసూరు నుంచి చిత్తూరుదాకా ఏ బడి హాజరుపట్టీ తీసినా కనబడే పేర్లివి. సముద్రం దాటిన కూలీలు మలేసియా, సింగపూర్లకు కూడా ఆయన్ను వెంట తీసుకుపోయారు. భయం పుట్టించేవాణ్ణి ఇంట్లో మనిషిని చేసుకుంటే భయం సగం తగ్గుతుంది. ఈ కిటుకు పల్లెవాళ్ళకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

దీనికి పరాకాష్ఠ మయాన కొళ్ళై, శ్మశాన దోపిడి. మహాశివరాత్రి తర్వాత వచ్చే అమావాస్య నాడు అంగాళమ్మన్ గుళ్ళ నుంచి ఊరేగింపు సరాసరి శ్మశానానికి పోతుంది. ధర్మపురి, కృష్ణగిరి, సేలం, వేలూరు జిల్లాల్లో ఇది పెద్ద పండగ. బ్రహ్మ ఐదో తల నరికిన శివుడి చేతికి ఆ కపాలం అతుక్కుపోయిందట. ఎంత భిక్ష వేసినా అదే మింగేస్తోంది. అమ్మవారు శ్మశానంలో అన్నం వెదజల్లింది. కపాలం ఆశపడి చెయ్యి వదిలి కిందికి దిగింది. వెంటనే అమ్మవారు దాన్ని తొక్కిపట్టింది. ఆ కథను ఏటా ఆడతారు. ముఖాలకు రంగులు, నాలుక బయటపెట్టిన కాళి వేషాలు, పంబల మోత. గింజలు, కూరగాయలు, చిల్లర డబ్బులు సమాధుల మధ్య వెదజల్లుతుంటే జనం ఎగబడి ఏరుకుంటారు. పసిపిల్లలను చంకనేసుకుని తల్లులు వస్తారు. ఏడాదిలో మిగతా రోజులన్నీ పొద్దుగూకాక తొంగిచూడని చోటికి ఆ ఒక్క రోజు తీర్థానికి పోయినట్టు పోతారు. ఈ అంగాళమ్మనే మన అంకాళమ్మ. పల్నాటి వీరులు కొలిచిన తల్లి.

ఒకే ఊపు, రెండు క్రియలు

ఇంతదాకా వేడుకే. ఇకపైది వేరు.

జాతరలో పంబ మోగుతుంటే ఒకామె జుట్టు విరబోసుకుని ఊగిపోతుంది. ‘సామి వందిరుచ్చు’ అంటారు తమిళులు. అమ్మోరు పూనిందంటాం మనం. హారతి పడతారు, కాళ్ళు కడుగుతారు, పంట గురించీ పెళ్ళి గురించీ అడుగుతారు. ఇంకో ఇంట్లో ఇంకొకామె అదే జుట్టుతో, అదే ఊపుతో ఉంటుంది. ‘పేయ్ పిడిచ్చిరుచ్చు’. దెయ్యం పట్టింది. ఈమెకు వేపమండలతో దెబ్బలు, కళ్ళల్లో నిమ్మరసం, మిరపకాయల పొగ. వాయిద్యం అదే, విభూతి అదే, వేపాకు కూడా అదే. మారింది ఒక్క క్రియాపదం.

ఆ క్రియాపదాన్ని ఎంచేదెవరు? ఊగుతున్న మనిషి కాదు. ఇంట్లో పెద్దలు, ఊళ్ళో ఉడుక్కై అనే చిన్న డమరుకం పట్టిన భూతవైద్యుడు కోడాంగి, లేదా గుడి పూజారి. ఎవరికి ఏది దక్కుతుందో గమనిస్తే అనుమానం వస్తుంది. నడివయసు దాటి, పిల్లలు ఎదిగి, ఇంట్లో మాట చెల్లే ఆమెకు చాలాసార్లు పూనుతుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి, పిల్లలు కలగని ఆమెకు, బాలింతకు పడుతుంది. ఇసబెల్ నబొకొవ్ అనే మానవశాస్త్రవేత్త పక్కనున్న దక్షిణ ఆర్కాటు ప్రాంతంలో ఇలాంటి తంతులను దగ్గరుండి చూసి 1997లో ఒక వ్యాసం రాసింది. ఆమె చూసినచోట దెయ్యాలు ఎక్కువగా ప్రేమ విఫలమై ప్రాణం తీసుకున్న కుర్రాళ్ళు. పట్టేది కొత్త పెళ్ళికూతుళ్ళను. దెయ్యాన్ని పిలిచి పేరడిగి, ఊరడిగి, చివరకు ఆ అమ్మాయి జుట్టు పాయ కోసి చింతచెట్టుకు మేకుతో కొడతారు. ప్రియుణ్ణి తరిమి భార్యను ఇంటికి తెచ్చుకోవడమే ఆ తంతు పని అన్నది ఆమె తీర్పు. నాకు అది సబబుగానే తోస్తుంది. అత్తింట్లో తనకు ఊపిరాడటం లేదని నోరు తెరిచి చెప్పలేని పిల్ల ఇంకొకరి గొంతుతో చెబుతుంది. ఆ గొంతును చెట్టుకు కొట్టేసి ఆమెను మళ్ళీ ఆ ఇంటికే పంపుతారు.

గొంతు మారడం సినిమావాళ్ళు కూడా పసిగట్టారు. 1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’లో ఆవహించిన నర్తకి తంజావూరు తమిళ స్త్రీ. అదే కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ అయ్యేసరికి ఆ నర్తకి తెలుగమ్మాయి అయింది. తమిళ తెర మీద జ్యోతిక తెలుగులో గర్జిస్తుంటే హాళ్ళు దద్దరిల్లాయి. మలయాళీలకు తమిళం, తమిళులకూ కన్నడిగులకూ తెలుగు. దెయ్యమెప్పుడూ పొరుగువాడి భాషే మాట్లాడుతుంది కాబోలు. ధర్మపురి తెలుగువాళ్ళు ఆ సినిమా చూస్తూ ఏమనుకున్నారో!

గొలుసు ఎక్కడ మొదలైంది

‘గాలి సోకింది’ అంటాం మనం. ‘కాత్తు కరుప్పు’ అంటారు వాళ్ళు, గాలి అనీ నలుపు అనీ. పేరేదైనా ఇంట్లో మనిషి నిద్రపోకుండా, తనలో తాను మాట్లాడుకుంటూ, తిండి మానేసి కూచుంటే మొదట వెతికేది గుడినో దర్గానో. ఇందులో వెటకారానికి తావు లేదు. డాక్టరు దొరకనప్పుడు, దొరికినా ‘పిచ్చి’ అన్న ముద్ర పడుతుందని భయమేసినప్పుడు దెయ్యమన్న మాటే మర్యాదగా ఉంటుంది. దెయ్యం బయటిది, వదిలిపోతుంది. పిచ్చి అయితే మనిషికే అంటుకుంటుందని అనుకుంటారు.

గుడికి పోవడమే తప్పని కూడా అనలేం. దిండిగల్ దగ్గర వేలాయుధంపాళెంపుదూరులో ముత్తుస్వామి గుడి ఉంది. అక్కడ ఉండి బాగుపడదామని వచ్చిన 31 మంది తీవ్ర మానసిక రోగులను రఘురామ్, మరికొందరు వైద్యులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. సగటున ఆరు వారాలు అక్కడ గడిపారు. రోగ లక్షణాల కొలమానంలో దాదాపు 20 శాతం తగ్గుదల కనబడింది. అక్కడ వాళ్ళకు మందులు ఇవ్వలేదు, ప్రత్యేకమైన తంతులూ లేవు. భయపెట్టని చోటు, ఆదరించే మనుషులు ఆ ఫలితానికి కారణమై ఉంటారని వైద్యులు రాశారు.

దానికి ఏడాది ముందు, 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఇంకోటి జరిగింది. దర్గా దగ్గర ప్రైవేటుగా నడిపే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలివాళ్ళు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. దెయ్యం పట్టిందనో, పిచ్చి అనో ఇంట్లోవాళ్ళే తెచ్చి వదిలినవాళ్ళు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. తర్వాత ప్రభుత్వమే ఏర్వాడిలో దర్గాకు వచ్చినవారికి ప్రార్థనతో పాటు మందులూ అందే ఏర్పాటు చేసింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 95వ సెక్షను ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. గుడి అయినా, దర్గా అయినా, చర్చి అయినా, సొంత ఇల్లయినా మానసిక రోగిని గొలుసుతో కట్టేయడానికి ఏ నమ్మకమూ సాకు కాదు.

దెయ్యం వదిలిస్తామని కొట్టడం సంగతి వేరు. హొగెనకల్ దగ్గర కావేరిలో పుట్టి ఎక్కితే అవతలి ఒడ్డు కర్ణాటక. అక్కడ దెయ్యం పేరుతో మనిషిని కట్టేసి కొడితే శిక్షించే ప్రత్యేక చట్టం 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. మహారాష్ట్ర 2013లోనే తెచ్చుకుంది. ఇవతలి ఒడ్డున తమిళనాడులో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను చంపిన వార్తలు చదివి చదివి అలసిపోయిన మనకు ఇది ఎందుకు అత్యవసరం అనిపించలేదో శాసనసభ్యులను అడగాల్సిందే.

మునియప్పన్‌కు చుట్ట పెట్టండి, అంగాళమ్మకు గింజలు చల్లండి, అదియమాన్‌కోట్టై కాలభైరవుడికి బూడిద గుమ్మడికాయలో దీపం వెలిగించండి. వాటివల్ల ఎవరికీ చెడు జరగలేదు. కానీ మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక ఆడపిల్లకు ‘పట్టింది’ అన్న మాట వినబడితే కోడాంగికి కబురు పంపే ముందు ఆ పిల్లను పక్కన కూచోబెట్టుకుని ఏం జరిగిందని ఆమెనే అడగండి. తర్వాత 14416కు ఫోను చెయ్యండి. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. రాత్రీపగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.